వచ్చే వారానికి తప్పకుండా

టైలర్లు అబద్ధాలకోర్లని లోకమంతా అంటుంది. అది అన్యాయం. టైలరు అబద్ధం చెప్పడు, గడువు చెబుతాడు. "అయిపోవచ్చిందండీ, వచ్చే వారానికి తప్పకుండా" అనే మాటలో మోసమేమీ లేదు. అవతలి మనిషి కోపాన్ని ఓ వారం పాటు పక్కన పెట్టించే మర్యాద మాత్రమే ఉంది. కనీసం మన టైలరు అలాగే నమ్మేవాడు.

ఆయన దుకాణం ఇంటి ముందుగదిలోనే. రోడ్డువైపు గాజు తలుపు, దాని పక్కన కటింగు బల్ల, వెనక రెండు మిషన్లు, మూలన ఒక తెర. తెర వెనక నిలువుటద్దం ఉంది కాబట్టి దానికి ట్రయలు గది అని పేరు. గోడకు పాతకాలం ఫోను. ఆ ఫోను ఎత్తడంలో ఇంటిల్లిపాదికీ ఒకటే శిక్షణ. ఎవరు చేశారు, ఏం బట్ట ఇచ్చారు అనేవి తర్వాతి సంగతులు. ముందు గొంతులో కాస్త తేనె కలిపి "అయిపోవచ్చిందండీ" అనాలి. ఈ విద్యలో టైలరు తల్లిని మించినవాళ్ళు లేరు. రాంగ్ నంబరు వచ్చినా సరే, ఆ ముసలావిడ వచ్చే వారం రమ్మనే చెప్పేది. టైలరు భార్య ఒక్కతే ఆ ఫోను జోలికి వెళ్ళేది కాదు. ఆవిడ బస్టాండులో టికెట్ల కౌంటరు దగ్గర పనిచేస్తుంది. బస్సు లేకపోతే లేదని మొహమ్మీదే చెప్పే ఉద్యోగం అది.

వాళ్ళకు ఒక్కతే కూతురు. ఇంట్లో అందరూ బొత్తాం అని పిలుస్తారు. పసిపిల్లగా ఉన్నప్పుడు ఎంత ఏడుస్తున్నా బొత్తాల డబ్బా ముందు కూర్చోబెడితే ఠక్కున ఊరుకునేది, అందుకని. స్టూలెక్కితే గానీ ఫోను అందని వయసులోనే అచ్చం నాన్న గొంతుతో "తప్పకుండానండీ" అనేది. అవతలివాళ్ళు ముందు నవ్వి, తర్వాత నమ్మి, ఫోను పెట్టేసేవారు.

బొత్తాం చదువులో గట్టి పిల్ల. స్కూల్లో ఆఖరి సంవత్సరం చలికాలంలో, బస్సులో ఒక పగలంతా కూర్చుంటే వచ్చే ఊళ్ళో, పెద్ద కాలేజీలో సీటు వచ్చింది. సీటుతో పాటు స్కాలర్‌షిప్పు కూడా. ఫీజు, హాస్టలు, పుస్తకాలు అన్నీ వాళ్ళే చూసుకుంటారు. అది లేకపోతే ఆ కాలేజీ పేరు ఎత్తే స్థోమత ఆ ఇంటికి లేదు. ఆ సాయంత్రం టైలరు ట్రయలుకు వచ్చిన ప్రతివాడికీ, టేపు మెడకు చుట్టి మరీ, ఆ కబురు చెప్పాడు. ఊపిరాడని స్థితిలో ఉన్నవాళ్ళు మనస్ఫూర్తిగా అభినందించారు.

"ఇంకా అయిపోలేదు నాన్నా," అంది బొత్తాం. "ఈ ఏడాది చివరి మార్కులు కూడా పంపాలి. అవి చూశాకే ఖాయం చేస్తారట. బాగా తగ్గితే స్కాలర్‌షిప్పు తీసేస్తారట."

"తగ్గితే కదా!"

"అదే నాన్నా, తగ్గితే."

"పిచ్చిదానా, అడ్వాన్సు పుచ్చుకుని కొలతలు రాసుకున్నాక ఎవరైనా బట్ట వెనక్కిస్తారా?"

ఇంకెవరైనా ఈ మాట అంటే సరిపెట్టుకోవచ్చు. ఈయన అనకూడదు. ట్రయలుకు వేసే కోటుకు ఉండేవి కచ్చా కుట్లేననీ, ఒక్క దారం లాగితే చెయ్యి చెయ్యంతా ఊడి వస్తుందనీ రోజూ జనానికి చెప్పే మనిషి. "ఇప్పుడే వేసుకుని పెళ్ళికి వెళ్ళిపోకండి సార్" అని నవ్వించేవాడు కూడా. సొంత కూతురి సంగతికి వచ్చేసరికి ఆ తెలివి ఏ గంగలో కలిసిందో.

సరిగ్గా అప్పుడే ఆయన కుడి మణికట్టు మొరాయించింది. వేళ్ళు తిమ్మిరెక్కి కత్తెర జారిపోయేది. లోపల నరం నొక్కుకుపోయిందని డాక్టరు పట్టీ బిగించి, సూదీ కత్తెరా ముట్టుకోవద్దన్నాడు. ఆ పట్టీ వేసుకుని ఇంటికి వచ్చేసరికి దుకాణం నిండా నీలం బట్ట తానులు దిగి ఉన్నాయి. పెద్ద హోటలువాళ్ళు సిబ్బంది మొత్తానికి కోట్లు కుట్టమన్నారు. అంత పెద్ద పని ఆయనకు ఎప్పుడూ రాలేదు. కాదనడానికి నోరు రాలేదు.

కటింగు ఒక పాత స్నేహితుడు వచ్చి చేసిపెట్టాడు. మిషను మీద పని టైలరు ఎడమచేత్తో ఎలాగో నెట్టుకొచ్చాడు. చిక్కంతా కాజాల దగ్గరే వచ్చింది. గుండీ దూరే ఆ కన్నాలను మిషనుతో కాకుండా చేత్తోనే కుట్టాలని హోటలు మేనేజరు పట్టుబట్టాడు. ముసలావిడకు సూదిలో దారం ఎక్కించే చూపు పోయి చాలా కాలమైంది. భార్యకు సూది అంటేనే చిరాకు. ఇక మిగిలింది ఎవరు?

స్కూలు నుంచి వస్తూనే బ్యాగు బల్ల కింద పడేసి బొత్తాం కాజాలకు కూర్చునేది. చక్కగా, గింజలు పేర్చినట్టు కుట్టేది. కెమిస్ట్రీ రికార్డు పుస్తకం నీలం ముక్కల కింద ఎక్కడో పడి ఉండేది. "కాస్త చదువుకోవాలి నాన్నా," అని మొదట్లో అనేది. "సీటొచ్చేసిందిగా తల్లీ, ఈ నాలుగు కోట్లూ అయిపోనీ," అనేవాడు ఆయన. నాలుగు కోట్లూ అయితే ఇంకో నాలుగు ఉండేవి. తర్వాత తర్వాత ఆ పిల్ల అనడం మానేసింది.

ఒకరోజు ఉదయం, హోటలు మేనేజరు ఫోనులో చెడామడా తిట్టి పెట్టేసిన వెంటనే మళ్ళీ ఫోను మోగింది. టైలరు గొంతు సవరించుకుని ఎత్తాడు. ఈసారి మేనేజరు కాదు. బొత్తాం స్కూల్లో పిల్లల కాలేజీ అప్లికేషన్లు చూసే కౌన్సెలర్ మేడం.

ఆవిడ మెల్లగా, ఒక్కో మాటా విడమర్చి చెప్పింది. అమ్మాయి మార్కులు రెండు సబ్జెక్టుల్లో బాగా పడిపోయాయి. ప్రాజెక్టు ఒకటి ఇవ్వనేలేదు. కాలేజీవాళ్ళు చివరి మార్కులు చూస్తారు, స్కాలర్‌షిప్పు చేజారవచ్చు. "ఇంట్లో ఏదైనా ఇబ్బంది ఉంటే చెప్పండి. టర్ము ముగిసేలోపు చెబితే ఇంకొంత సమయం ఇప్పించగలను. కాలేజీకి కూడా నేనే ముందుగా రాసి పెడతాను. అమ్మాయిని అడిగితే ఏమీ లేదంటోంది."

ఆయనకు అర్థం కాలేదనుకుంటే పొరపాటు. ప్రతి ముక్కా అర్థమైంది. చెప్పాల్సిన జవాబు కూడా తెలుసు. నా చెయ్యి బాగోలేదండీ, దాన్ని పనిలో కూర్చోబెట్టాను అంటే చాలు. కానీ అలా అన్నాక ఆ సాయంత్రం ఆ పిల్లను కాజాలకు కూర్చోమనడం ఎలా? ఎదురుగా నీలం కోట్లు గుట్టపడి ఉన్నాయి. మేనేజరు తిట్లు చెవిలో ఇంకా గింగురుమంటున్నాయి.

"అబ్బే, ఇబ్బందేం లేదండీ," అన్నాడు తేనె కలిపిన గొంతుతో. "అయిపోవచ్చింది. వచ్చే వారానికి తప్పకుండా అంతా సరిపోతుంది."

"వచ్చే వారానికా?"

"తప్పకుండానండీ."

సాయంత్రం బొత్తాం రాగానే చెబుదామనే అనుకున్నాడు. నోరు తెరిచాడు కూడా. ఆ పిల్ల అప్పటికే సూదిలో దారం ఎక్కించి, చివర పళ్ళతో కొరికి, కోటు ఒళ్ళోకి లాక్కుంది. "ఆ వరస ఇవాళ అయితే బాగుంటుంది," అన్నాడు. సంగతి వచ్చే వారం చెబుదామనుకున్నాడు. చివరికి తనకు తాను కూడా గడువే చెప్పుకున్నాడు మహానుభావుడు.

తర్వాతి వారం, ఆ మాట నమ్మిన కౌన్సెలర్ మేడం మళ్ళీ ఫోను చేసింది. ముసలావిడ ఎత్తి, వచ్చే వారం వచ్చి తీసుకెళ్ళమంది. ఆ తర్వాత స్కూలు నుంచి ఫోను రాలేదు.

కోట్లు అయిపోయాయి. హోటలువాళ్ళు కాజాలను మెచ్చుకున్నారు. టైలరు చేతికి కాస్త స్పర్శ వచ్చింది గానీ పట్టీ ఇంకా తీయలేదు. స్కూలు మార్కులు కాలేజీకి వెళ్ళాయి. ఒక మధ్యాహ్నం బొత్తాం గాజు తలుపు తోసుకుని వచ్చి, తన ఫోను కటింగు బల్ల మీద పెట్టి చదవమంది. సీటు అలాగే ఉంచుతారట. స్కాలర్‌షిప్పు నిలిపేస్తున్నారట. మార్కులు ఎందుకు తగ్గాయో వివరణ పంపితే పరిశీలిస్తారట.

"నన్ను తిట్టు నాన్నా," అంది బొత్తాం. "నాదే తప్పు. సీటొచ్చిందన్న ధీమాతో బద్ధకించాను. రికార్డు రాయడానికి తెల్లవారుజామున లేద్దామనుకునేదాన్ని, నిద్ర పట్టేసేది."

తిట్టమంటోంది. తనను. ఆ చేతి వేళ్ళ చివర్లు సూది పోట్లతో గరుకుబారి ఉన్నాయి, ఆ వేళ్ళతోనే కళ్ళు తుడుచుకుంటోంది. చెప్పేయడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. ఆయన మంచినీళ్ళ గ్లాసు తెచ్చి ఇచ్చాడు.

సాయంత్రం బస్టాండు నుంచి వచ్చిన భార్యకు సంగతి తెలిసింది. ఆవిడ ఉగ్రరూపం దాల్చింది. "సీటు రాగానే ఒళ్ళు మరిచిపోయావు! మేం పడే కష్టం కళ్ళకు కనబడటం లేదా నీకు? సాయంత్రం నాలుగు కాజాలు కుడితే చదువు పక్కన పెట్టేయాలా? ఆ స్కూలువాళ్ళైనా ఒక్క మాట ఇంటికి చెప్పి ఏడవచ్చుగా! చెప్పుంటే నేనే చెవి మెలిపెట్టి కూర్చోబెట్టేదాన్ని."

టైలరు మిషను బాబిన్ విప్పి, దారం చుట్టి, మళ్ళీ విప్పాడు. కూతురు తల వంచుకుని తిట్లన్నీ తింటోంది. అవి ఆయన తినాల్సిన తిట్లు. పక్కవాడి విస్తట్లో పడుతుంటే చూస్తూ కూర్చున్నాడు. తన మీద తనకు అసహ్యం వేసింది. తర్వాత చెబుదాం, అది భోంచేశాక, ఈవిడ కోపం చల్లారాక అనుకున్నాడు. ఆ పూట బొత్తాం భోంచేయలేదు.

రెండు రోజులాగి, పెద్దవాళ్ళు ఎవరైనా రావాలని కౌన్సెలర్ మేడం కబురు చేసింది. భార్యకు సెలవు దొరకలేదు. టైలరే వెళ్ళాల్సి వచ్చింది.

చిన్న గది. కిటికీలోంచి ఆటస్థలం, అందులో ఎవరూ లేని గోలు స్తంభాలు కనబడుతున్నాయి. షెల్ఫు నిండా నవ్వుతున్న పిల్లల బొమ్మలున్న కాలేజీ పుస్తకాలు. మేడం ఎదురుగా రెండు కుర్చీల్లో తండ్రీ కూతుళ్ళు కూర్చున్నారు.

"నువ్వు పంపాలనుకుంటున్న వివరణ చదివానమ్మా," అంది మేడం బొత్తాంతో. "అశ్రద్ధ చేశాను, క్షమించండి అని రాశావు. ఇలా పంపితే వాళ్ళు క్షమించి ఊరుకుంటారు. స్కాలర్‌షిప్పు ఇవ్వరు. వేరే కారణం ఏమీ లేదా?"

"లేదు మేడం. నిజం అదే."

"నేను ఇంటికి ఫోను కూడా చేశాను."

బొత్తాం తలెత్తింది. "ఇంటికా? ఎవరెత్తారు మేడం?"

మేడం టైలరు వైపు చూసింది. వచ్చినప్పుడు ఆయన "నమస్కారమండీ, ఆలస్యమైంది" అన్న గొంతు ఆవిడకు గుర్తుండే ఉంటుంది. కాగితాలు సర్దుతూ, "రెండోసారి ఎవరో పెద్దావిడ. వచ్చే వారం వచ్చి తీసుకెళ్ళమన్నారు. ఏం తీసుకెళ్ళాలో నాకర్థం కాలేదు. మొదటిసారి ఎవరో... అంతగా గుర్తులేదు," అంది.

తలుపు తీసి పెట్టింది ఆ మేడం తల్లి. తప్పించుకుపోవచ్చు. ముసలావిడ మీదకు నెట్టేస్తే ఇంట్లో కాసేపు నవ్వుకుని మరిచిపోతారు కూడా. టైలరు నిజంగానే ఆ తలుపు వైపు చూశాడు. పక్కన బొత్తాం చేతులు ఒళ్ళో పెట్టుకుని, బొటనవేలితో చూపుడువేలి చివర ఉన్న గరుకును రుద్దుకుంటోంది.

"నేనే ఎత్తాను," అన్నాడు.

"ఏమన్నావు నాన్నా?"

"అయిపోవచ్చింది అన్నాను. వచ్చే వారానికి తప్పకుండా అన్నాను."

బొత్తాం ఏడవలేదు, అరవలేదు. చిన్నగా నవ్వింది. తనకు కంఠతా వచ్చిన పాఠం వేరేవాళ్ళ నోట విన్నట్టు ఉంది ఆ నవ్వు. టైలరు మిగతాదంతా చెప్పాడు. చెయ్యి, హోటలు, కాజాలు, మేడం ఇస్తానన్న సమయం, అన్నీ.

"ఇదే రాసివ్వండి," అంది మేడం. "నేను సంతకం పెట్టి పంపిస్తాను. ఆలస్యమైంది, ఫలితం ఉంటుందని మాటివ్వలేను."

టైలరు కుడిచేతి పట్టీ వైపు చూసుకున్నాడు. ఎడమచేత్తో రాస్తే ఎవరికీ అర్థం కాదు. బొత్తాం కాగితం తన వైపు జరుపుకుని పెన్ను తీసుకుంది. ఆయన చెబుతుంటే ఆ పిల్ల రాసింది.

"కాజాలు అని రాయనా, కుట్టుపని అని రాయనా?" అని అడిగింది మధ్యలో.

"నీ ఇష్టం అమ్మా."

"కుట్టుపని అంటాను. వాళ్ళకు తెలియాలిగా."

ఇంకో రెండు వాక్యాలు సాగాయి. "స్కూలు నుంచి ఫోను వచ్చిన సంగతి మరిచిపోయి నా కూతురికి చెప్పలేదు," అన్నాడు.

పెన్ను ఆగింది. బొత్తాం కాగితం మీంచి చూపు ఎత్తకుండానే అడిగింది. "మరిచిపోయావా నాన్నా?"

"లేదు," అన్నాడు చివరికి. "మరిచిపోయి అన్నది కొట్టెయ్. చెప్పలేదు అని రాయి."

ఆ పిల్ల ఆ మాట కొట్టేసి, తర్వాతి వాక్యానికి సిద్ధంగా కూర్చుంది.

కాలేజీవాళ్ళు మర్యాదగానే జవాబిచ్చారు. వివరణను అర్థం చేసుకున్నారట. కానీ ఆ స్కాలర్‌షిప్పు అప్పటికే తర్వాతి విద్యార్థికి ఇచ్చేశారట. మొదటి ఏడాది మార్కులు బాగుంటే రెండో ఏడాది నుంచి మళ్ళీ చూస్తారట. టర్ము ముగిసేలోపు తెలిసి ఉంటే బాగుండేదని ఒక వాక్యం చేర్చారు. ఆ వాక్యం చేర్చకపోయినా టైలరుకు తెలుసు.

నిజం తెలిసిన రోజు భార్య ఆయన్ను ఒక్క మాట అనలేదు. తిడుతుందని ఎదురుచూశాడు. తిడితే బాగుండేదనిపించింది. ఆవిడ కూతురి దగ్గరకు వెళ్ళి, ఆ రోజు తాను తిట్టిన తిట్లకు గాను దాని తల నిమిరింది. మర్నాడు ముందుగది అద్దెకిచ్చే మాట తీసింది. సెల్‌ఫోన్లు బాగుచేసే ఒకతను అందులో చేరాడు. మిషన్లు, నిలువుటద్దం, గోడ ఫోను వంటింటి పక్క వసారాలోకి వచ్చాయి. బస్టాండు ఉద్యోగుల సంఘంలో భార్య అప్పు తీసుకుంది. అవి కలిపినా ఫీజు వరకే సరిపోయాయి. హాస్టలు ఖర్చుకు బొత్తాం కాలేజీ లైబ్రరీలో సాయంత్రాలు పుస్తకాలు సర్దే పనికి కుదురుకుంది. పగలు చదువు, సాయంత్రం పని. ఇల్లు మారినా రోజు మారలేదు ఆ పిల్లకు.

వెళ్ళేటప్పుడు నాన్నతో బాగానే మాట్లాడింది. చెయ్యి జాగ్రత్త అంది. పట్టీ తీయొద్దంది. కోపం పైకి కనబడితే కాళ్ళమీద పడైనా పోగొట్టేవాడు. దాన్ని ఎక్కడ వెతకాలో ఆయనకు తెలియలేదు.

ఒక ఆదివారం వసారాలోంచి టైలరు హాస్టలుకు ఫోను చేశాడు. పక్కన ముసలావిడ చాప మీద కూర్చుని కత్తిరింపు ముక్కలను రంగుల వారీగా వేరుచేస్తోంది.

"ఎలా ఉన్నావమ్మా?"

"బాగున్నాను నాన్నా."

"లైబ్రరీలో పని ఎక్కువ పెడుతున్నారా? చదువుకోవడానికి తీరిక దొరుకుతోందా?"

"ఆ ఏముంది, అలవాటైపోయింది."

"పరీక్షల చదువు?"

"అయిపోవచ్చింది నాన్నా."

టైలరు ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాడు. "మరి ఇంటికి ఎప్పుడొస్తావు? చూడాలని ఉందే."

"వచ్చే వారానికి తప్పకుండా నాన్నా," అంది బొత్తాం.

ఎంత తియ్యగా అందో! ఎక్కడా తడబాటు లేదు, విసుగు లేదు. ఆ గొంతు ఆయనకు బాగా తెలుసు. స్టూలు మీద నిలబెట్టి తానే నేర్పాడు. ఇన్నేళ్ళూ ఆ మాట విని, అబద్ధమని తెలిసీ పెట్టేయలేక, ఫోను పట్టుకుని ఒక్క క్షణం ఆగిపోయిన మనుషులెందరో. వాళ్ళు ఆ క్షణంలో ఏం అనుకునేవారో ఆయనకు ఇప్పుడు తెలిసింది. చివరికి వాళ్ళందరూ అనే మాటే ఆయనా అన్నాడు.

"సరేనమ్మా. వచ్చే వారమే కదా."

ఫోను పెట్టేశాడు. ముసలావిడ నీలం ముక్క ఒకటి చేత్తో పట్టుకుని తలెత్తింది. "ఏమందిరా? ఎప్పుడొస్తుందట?"

"వచ్చే వారం వస్తుందటమ్మా."

ముసలావిడ కొడుకు ముఖంలోకి చూసింది. తర్వాత ముక్కలు ఏరుకోవడంలో పడింది.